మా బండను లీజుకు అడుగుతున్నారు, తవ్వాక నేల తిరిగి వస్తుందా?

బండకింది చేను (ఆదివారం, రాత్రి 9:40)

మాది పర్వతగిరి వైపు ఊరు. నాన్న పేరు మీద ఏడెకరాల పట్టా ఉంది. అందులో రెండున్నర ఎకరాలు ఒకటే బండ, మూకుడు బోర్లించినట్టు ఉంటుంది. మిగతాది ఎర్ర చెలక, పత్తి, మిర్చి వేస్తాం. కంకర క్వారీకి ఆ బండ ఇవ్వమని ఒక కాంట్రాక్టరు నాలుగు నెలలుగా తిరుగుతున్నాడు. ఇరవై ఏళ్ల లీజు అట. నాన్న సమ్మతి పత్రం మీద సంతకం చేస్తే మిగతా పనులన్నీ తానే చూసుకుంటాడట.

"తవ్వకం అయ్యాక మట్టి పోసి, చదును చేసి, చేను చేసి ఇస్తాం" అంటున్నాడు. అది నోటి మాటే. ప్రణాళిక ప్రతి చూపించమంటే "అదంతా ఆఫీసు పని, మీకెందుకు" అన్నాడు.

నాన్న మోకాలి ఆపరేషన్ అప్పు ఇంకా తీరలేదు. కాబట్టి "ఇవ్వకండి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. సంతకానికి ముందు ఏమి అడగాలి? బండ పోయిన చోట నేల నిజంగా తిరిగి వస్తుందా?

గుంత పక్క ఇల్లు (ఆదివారం, రాత్రి 10:15)

తమ్ముడూ, మా ఊళ్లోనూ సరిగ్గా ఇదే మాట అన్నారు, చేను చేసి ఇస్తామని. క్వారీ మూసి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు అక్కడ ఉన్నది నిలువు గోడల గుంత, అడుగున ఆకుపచ్చ నీళ్లు. చుట్టూ కంచె లేదు. మూడేళ్ల క్రితం మా బర్రె అంచున గడ్డి మేస్తూ జారి పడింది. నీళ్లలో ఈదుతూ గోడ చుట్టూ తిరిగింది, ఎక్కడానికి మెట్టంత చోటు లేదు. మేము పైన నిలబడి తాళ్లు వేస్తూనే ఉన్నాం. చీకటి పడ్డాక ఈత ఆపేసింది.

లీజుదారు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పట్టా మాత్రం మా చిన్నాన్న పేరు మీదే ఉంది. రేపు ఎవరి పిల్లవాడైనా పడితే జనం మా గుమ్మానికే వస్తారు.

గని గణితం (సోమవారం, ఉదయం 6:50)

ముప్పై ఏళ్లు క్వారీల ప్రణాళికలు గీసినవాడిని, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. కాంట్రాక్టరు మాటను లెక్కలో పెట్టి చూద్దాం.

రెండున్నర ఎకరాలంటే సుమారు ఒక హెక్టారు. నూరు మీటర్ల చదరం అనుకోండి. లీజు హద్దు లోపల చుట్టూ 7.5 మీటర్ల పట్టీ తవ్వకుండా వదలాలి. మిగిలేది 85 మీటర్ల చదరం. గట్టి రాయిలో మెట్టు, అంటే బెంచీ, ఎత్తు 6 మీటర్లు దాటకూడదని 1961 నాటి మెటాలిఫెరస్ (బొగ్గు కాని) గనుల నిబంధనలు చెబుతాయి. వెడల్పు కూడా ఆరే అనుకుందాం. 30 మీటర్ల లోతుకు ఐదు మెట్లు. పై మెట్టు 85 చదరం, తర్వాతివి 73, 61, 49, అడుగున 37. కూడితే దాదాపు 1,20,000 ఘనమీటర్ల రాయి. (బండ పైభాగం గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొంత తగ్గుతుంది, ఇప్పటికి వదిలేద్దాం.)

ఆ గుంతను మట్టితో నింపాలి. టిప్పరుకు 10 ఘనమీటర్లు వేసుకున్నా 12,000 టిప్పర్లు. అంత మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో చోట ఇంతే గుంత తవ్వితే వస్తుంది! కంకర క్వారీలో పనికిరాని రాయి అంటూ దాదాపు ఉండదు. పెద్దది కంకర, చిన్నది చిప్స్, పొడి కూడా అమ్ముడుపోతుంది. లోపల ఉన్నదంతా లారీలెక్కి పోయాక నింపడానికి ఏమీ మిగలదు. కాబట్టి "చేను చేసి ఇస్తాం" అన్న మాట నమ్మకండి. దానికి బదులు వేరే మాట రాయించుకోవాలి. అది సాయంత్రం రాస్తాను, మనవరాలిని బడికి దింపాలి.

టాన్ బ్రౌన్ (సోమవారం, ఉదయం 9:05)

కరీంనగర్ నుంచి. సార్ చెప్పింది కంకరకు నిజం. మా వైపు గ్రానైటు బ్లాకుల క్వారీల్లో దీనికి పూర్తిగా తలకిందుల కథ. చీలిక లేని, రంగు మారని బ్లాకు ఒకటి రావాలంటే పక్కన మూడు పారేయాలి. నేను పనిచేసిన చోట తవ్విన దాంట్లో ఓడరేవు దాకా వెళ్లింది నాలుగో వంతు కూడా లేదు. మిగతాదంతా పక్కనే ఇంకో గుట్టగా లేచింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే మా పనే.

గని గణితం (సోమవారం, సాయంత్రం 5:30)

టాన్ బ్రౌన్ గారి మాటకు ఒక లెక్క జోడిస్తాను. 60,000 ఘనమీటర్లు తవ్వితే 45,000 వ్యర్థం అనుకుందాం. రాయి పగిలితే సందులు పెరిగి పొంగుతుంది, ఒకటికి ఒకటిన్నర దాకా. 1.4 వేసుకున్నా 63,000. అంటే గుంతను పూర్తిగా నింపి పైన ఇంకా మిగులుతుంది! గ్రానైటు గుంతలు నిండకపోవడానికి కారణం రాయి చాలకపోవడం కాదు, తవ్వే వరుస. క్వారీ అంతా ఒకేసారి తెరిచి కిందికి దిగుతూ పోతే, చివరి రోజు దాకా ఎక్కడా నింపలేం. అప్పటికి వ్యర్థం ఎవరి చేను మీదో గుట్ట అయి ఉంటుంది. దాన్ని వెనక్కి మోయడానికి ఎవరూ డబ్బు పెట్టరు. అదే క్వారీని రెండు భాగాలు చేసి, మొదటిదాన్ని అడుగు దాకా ముగించి, రెండో దాని వ్యర్థాన్ని మొదటి దాంట్లో పోస్తే రవాణా ఖర్చు కూడా తగ్గుతుంది. ఇది మొదటి టిప్పరు కదలకముందే కాగితం మీద తేలాల్సిన విషయం.

ఇక బండకింది చేను గారికి ఒక ప్రశ్న. మీ బండ చేను మట్టానికి ఎంత ఎత్తులో ఉంది?

బండకింది చేను (సోమవారం, రాత్రి 8:20)

నాన్నను అడిగాను. "నాలుగు నిలువులు" అన్నారు. ఏడు మీటర్లు ఉండవచ్చు సార్.

కంకర మర (సోమవారం, రాత్రి 9:10)

అందరూ మమ్మల్ని ఒకే గాటన కడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నాది చిన్న క్రషర్. సార్ చెప్పిన మెట్ల లెక్కే తీసుకోండి. నిలువుగా కోస్తే అదే హెక్టారులో 2,16,000 ఘనమీటర్లు వస్తుంది, మెట్లు కడితే 1,20,000. నూటికి నలభై నాలుగు పాళ్లు లోపలే వదిలేయాలి. సీనరేజీ (రాయికి సర్కారుకు కట్టే రుసుము), డీజిల్, పేలుడు సామగ్రి, బ్యాంకు వాయిదా ఎవరు కడతారు? నిలువు గోడలు కోసేవాళ్లు దుర్మార్గులు అనుకోవడం తేలిక. హెక్టారు ముక్కల్లో లీజులు ఇస్తే జరిగేది ఇదే. పక్కపక్కన నాలుగు లీజులుంటే మధ్యలో పట్టీలన్నీ గోడల్లా నిలబడి ఉంటాయి, అటు తవ్వడానికీ కాదు, ఇటు నడవడానికీ కాదు.

గని గణితం (సోమవారం, రాత్రి 9:45)

కంకర మర గారూ, లెక్క సరిగ్గా చెప్పారు, పట్టీల సంగతి కూడా నిజమే. పక్కపక్క లీజులకు ఉమ్మడి ప్రణాళిక గీస్తే ఆ గోడలు మిగలవు. కానీ మీ లెక్క నుంచి నాకు తేలేది వేరు. ఒక హెక్టారులో 30 మీటర్లకు దిగడమే తప్పు. 12 మీటర్ల దగ్గర, రెండు మెట్లతో ఆగితే నష్టపోయేది నూటికి పదమూడు పాళ్లే. అడుగు 73 మీటర్ల చదరం మిగులుతుంది, అంటే ఎకరం పన్నెండు గుంటలు. 30 మీటర్లకు వెళ్తే అడుగున మిగిలేది పదమూడు గుంటలు, అదీ బావిలో.

ఆ పిల్లవాడి బండ ఏడు మీటర్లు పైకే ఉంది. చేను మట్టం దాకా తవ్వి ఆపితే అసలు గుంతే పడదు. అడుగును ఒక పక్కకు కొద్దిగా వాలుగా తవ్వితే వాననీరు తనంతట తాను బయటికి పోతుంది, పైన అడుగున్నర మట్టి పరిస్తే చెట్లకు సరిపోతుంది. కాంట్రాక్టరు అక్కడ ఆగడు, నాకు తెలుసు. చేను మట్టం కింద ఒకే ఒక మెట్టు, ఆరు మీటర్లు, అంతకు మించి వద్దు అని ఒప్పందంలో అంకెతో రాయించండి. "తగిన లోతు వరకు" లాంటి మాటలు ఒప్పుకోవద్దు.

కంకర మర (సోమవారం, రాత్రి 10:02)

అలా అయితే బేరం తక్కువకు తెగుతుంది, ముందే చెబుతున్నాను.

గుంత పక్క ఇల్లు (సోమవారం, రాత్రి 10:06)

తెగనివ్వండి.

నల్ల దుమ్ము (మంగళవారం, ఉదయం 7:30)

గోదావరిఖని. మా దగ్గర బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక, దానికి బ్యాంకులో విడిగా డబ్బు ఉండాలి. 2009లో కేంద్ర బొగ్గు శాఖ మార్గదర్శకాలు ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి 1 లక్ష అని అప్పటి ధరల ప్రకారం పెట్టాయి. గని నడుస్తుండగానే ఏటా జమ చేయాలి, పని చేసిన మేరకే వెనక్కి తీసుకోవాలి. మట్టి కుప్పల మీద చెట్లు పెంచారు కూడా. అడవి అయిందని నేను అనను, ఎండాకాలం అటు వెళ్లి చూడండి. అయినా డబ్బు ఎక్కడో ఒక చోట కట్టి ఉండటం మేలు. కంకరకు అలాంటిది ఉందా?

గని గణితం (మంగళవారం, ఉదయం 8:15)

కంకర చిన్న తరహా ఖనిజం. 1957 నాటి గనుల చట్టం 15వ సెక్షన్ దాన్ని రాష్ట్రాలకు వదిలింది. అందుకే బొగ్గు నిబంధన దీనికి వర్తించదు. కానీ భూమి పట్టాదారుది, సమ్మతి పట్టాదారుడే ఇవ్వాలి, కాబట్టి బలం సంతకం పెట్టేంత వరకు మీ చేతిలోనే ఉంది. లీజు సొమ్ములో కొంత ఉమ్మడి ఖాతాలో డిపాజిట్‌గా పెట్టమనండి. మెట్లు, కంచె, మట్టి పరవడం పూర్తయితేనే అది అతనికి వెళ్లాలి.

రెండో ఆధారం పర్యావరణ అనుమతి. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఐదు హెక్టార్ల లోపు లీజులకు కూడా అది తప్పనిసరి అయింది. 500 మీటర్లలోపు ఉన్న లీజులన్నీ కలిపి ఐదు హెక్టార్లు, అంటే మన లెక్కలో పన్నెండెకరాల పద్నాలుగు గుంటలు దాటితే వాటిని ఒక గుంపుగా చూస్తారు. మీ చుట్టుపక్కల ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. తవ్వకం ముగిసిన చోట మళ్లీ గడ్డి మొలిపించి, మేతకూ మొక్కలకూ జంతువులకూ పనికొచ్చేలా చేయాలని. ఆ షరతు అప్పటి నుంచి అనుమతి పత్రాల్లోకి ఎక్కింది. కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు, ప్రణాళిక, అనుమతి అన్నీ ఉంటాయి. "ఆఫీసు పని" అన్న కాగితం అదే. అనుమతి ప్రతి పంచాయతీకి కూడా చేరాలి.

ఏకశిల (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

కొంచెం పక్కదారి, క్షమించండి. ఒంటిరాయి పేరే మన ఓరుగల్లుకు పేరు అయింది. కరీంనగర్ జిల్లా కురిక్యాల బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతంలో కన్నడ పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉంది, అందులో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. ఆ గుట్టను ఆనాడెవరైనా ఘనమీటర్లలో చూసి ఉంటే ఆ కందాలు ఏ రోడ్డు కిందనో ఉండేవి. మీ బండ మీద గుంటలు, గీతలు, పాత రాతలు ఏమైనా ఉన్నాయేమో ముందు చూడండి.

టాన్ బ్రౌన్ (మంగళవారం, మధ్యాహ్నం 1:41)

మా బ్లాకుల మీద ఉండేవి ఎర్ర రంగు నంబర్లు మాత్రమే సార్.

ఏకశిల (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

నవ్వండి, ఫర్వాలేదు. కానీ లక్నవరం చూడండి. గుట్టల మధ్య సందులకు కట్టలు వేసి చెరువు చేశారు. మన చెరువులకు గుట్టే భుజం. బండ మీద పడిన వాన ఎటు పోతుందో ముందు కనుక్కోవాలి.

బండకింది చేను (మంగళవారం, రాత్రి 9:00)

ఏకశిల గారూ, మంచి మాట అడిగారు. బండ మీది నీళ్లు తూర్పున మా కుంటలోకే వెళ్తాయి. రెండు పెద్ద వానలు పడితే చాలు, మత్తడి దూకుతుంది. నాన్న ఇంకో మాట కూడా అన్నారు: "గుంత పడితే పడనీ, నీళ్లు నిలుస్తాయి, చేపలు వేసుకుందాం."

గని గణితం (బుధవారం, ఉదయం 6:40)

నాన్నగారికి నమస్కారం చెప్పి ఇది వినిపించండి. 85 మీటర్ల చదరపు గుంతలో దాని మీద నేరుగా పడే వాన, ఏడాదికి మీటరు అనుకుంటే, 7,225 ఘనమీటర్లు. మన దగ్గర తెరిచి ఉన్న నీటి మీద నుంచి ఏడాదిలో ఆవిరయ్యేది ఆ మీటరు కంటే ఎక్కువ. అంటే గుంత తన వానతో తాను నిండదు. నిండాలంటే చుట్టూ నేల నీళ్లు అందులోకి మళ్లాలి, ఆ నీళ్లు ఇప్పుడు కుంటకు వెళ్తున్నవే. లేదా భూగర్భ జలం ఊరాలి, అది మీ బోరులోదే. గుంతలో కొత్త నీళ్లు పుట్టవు, పక్కవాటి నీళ్లు వచ్చి చేరుతాయి. కుంటను ఎండబెట్టి గుంతలో చేపలు పెంచడం ఎందుకు? బండ చుట్టూ వరద కాలువ తీసి, దుమ్ము తేరే చిన్న గుంటలోకి పంపి, తేరిన నీటిని కుంటకు కలపాలని ప్రణాళికలో గీయించండి. లేకపోతే రెండేళ్లలో కుంట అడుగు రాతి పొడితో సిమెంటు నేలలా అవుతుంది.

వేపచెట్టు (బుధవారం, ఉదయం 10:30)

తోటల పెంపకంలో పనిచేస్తాను. ఇంతమంది రాసినా మట్టి గురించి ఒక్కరూ అడగలేదు!

బండ అంచుల్లో, సందుల్లో జానెడు ఎర్రమట్టి ఉంటుంది. అందులో విత్తనాలు, వేళ్లు, సూక్ష్మజీవులు అన్నీ ఉంటాయి. మొదటి రోజు జేసీబీ దాన్ని రాళ్లతో కలిపి తోసేస్తే దానితో పాటే అవన్నీ పోతాయి. దాన్ని విడిగా గీకి, రెండు మీటర్ల ఎత్తు మించకుండా కుప్ప పోయాలి. ఎత్తుగా పోస్తే లోపల గాలాడక చచ్చిపోతుంది. పైన జనుము, పిల్లిపెసర చల్లి పచ్చగా ఉంచాలి. ఇరవై ఏళ్లు కాపలా కాయడం కష్టం, అందుకే పై మెట్టు పని ముగియగానే ఆ మెట్టు మీద పరిచి నాటేయాలి. చివర్లో చేద్దామంటే కుప్పా ఉండదు, చేసే మనిషీ ఉండడు.

రాతి పొడిలో మొక్క నిలబడదు. మొక్క నాటే ఒక్కో గుంతకు రెండు తట్టల చెరువు మట్టి, ఒక తట్ట పశువుల ఎరువు కావాలి. మిషన్ కాకతీయ రోజుల్లో పూడిక మట్టి చేలల్లో పోసుకున్నవాళ్లకు దాని విలువ తెలుసు. సీతాఫలం, కానుగ, వేప, రేల నాటండి. సీతాఫలాన్ని మేకలు ముట్టవు, రాళ్ల సందుల్లోనే సంతోషంగా ఉంటుంది. సర్కారు తుమ్మను మాత్రం ఎవరూ నాటనక్కర్లేదు, పిలవకుండానే వస్తుంది.

గుంత పక్క ఇల్లు (బుధవారం, రాత్రి 8:50)

ఇళ్లు ఎంత దూరం తమ్ముడూ? మా గోడ పగుళ్లలో పెన్సిల్ దూరుతుంది.

గని గణితం (బుధవారం, రాత్రి 9:20)

పేలుడు ఉంటే ఇళ్లకు 200 మీటర్లు, లేకపోతే 100 మీటర్ల దూరం ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో హరిత ట్రైబ్యునల్‌కు చెప్పింది. ఊరి ఇళ్ల దగ్గర కంపన వేగం పౌనఃపున్యాన్ని బట్టి సెకనుకు 5, 10, 15 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ పరిమితి. క్వారీ మొదలుకాకముందే ప్రతి ఇంటి గోడనూ తేదీ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత పగిలితే "పాత పగులు" అంటారు.

బండకింది చేను (ఆదివారం, సాయంత్రం 6:10)

ఊరికి వెళ్లి వచ్చాను. కాంట్రాక్టరు, నాన్న, నేను బండ మీదే కూర్చుని మాట్లాడాం. చేను మట్టం కింద ఒక్క మెట్టుకు ఒప్పుకున్నాడు, ఎకరాకు చెప్పిన ధర తగ్గించాడు. మట్టి కుప్ప, వరద కాలువ సరే అన్నాడు. డిపాజిట్ అనగానే లేచి చెప్పులు వేసుకున్నాడు. మళ్లీ కూర్చున్నాడు, కానీ అది ఇంకా తేలలేదు.

నాన్న అడిగింది ఒక్కటే. మాఘం నుంచి మేము మిర్చి ఆరబెట్టేది ఆ బండ మీదే. చపాటా కాయలు పరిస్తే బండ మొత్తం ఎర్రగా అవుతుంది, చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్లూ అక్కడికే తెస్తారు. "పది గుంటల బండ తవ్వకుండా వదిలేయండి" అన్నారు. అతను వెంటనే ఒప్పుకున్నాడు. నాన్న కర్ర పట్టుకుని అడుగులు వేసి కొలిచారు, నేను సున్నంతో గీత వేశాను.

వేపచెట్టు (ఆదివారం, రాత్రి 7:35)

పది గుంటలు వదిలినా మర దుమ్ము ఎక్కడికి పోతుంది? పక్కనే క్రషర్ ఆడుతుంటే ఆ కాయల మీద తెల్లటి పొర కూర్చుంటుంది. ఏనుమాముల మార్కెట్లో కొనేవాడు ముందు గుప్పెడు తీసి చేతిలో నలిపి చూస్తాడు.

కంకర మర (ఆదివారం, రాత్రి 7:50)

వేపచెట్టు గారు చెప్పింది నిజం. నీళ్లు చల్లే గొట్టాలు, రేకుల మూత ఉన్నా మిర్చికి ఆ దూరం చాలదు. మర అక్కడే పెడతాడో, రాయిని వేరే చోటికి తోలుకుపోతాడో అడిగారా?

బండకింది చేను (ఆదివారం, రాత్రి 10:30)

అడగలేదు. ఇప్పుడే నాన్నకు ఫోను చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సమ్మతి కాగితం విత్తనాల సంచిలో పెట్టానని, మర సంగతి తేలేదాకా తీయనని అన్నారు. కాంట్రాక్టరు గురువారం వస్తాడు.